బోల్ట్ బిగుసుకుంది: ప్రెషర్ ఎక్కువైందా, బ్రాస్ సరిపోలేదా?

తూటాలు చేత్తో నింపుకోవడం మొదలుపెట్టిన మొదటి ఏడాదే నా .308 రైఫిల్‌లో బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసి పట్టే భాగం) బిగుసుకోవడం మొదలైంది. ప్రెషర్, అంటే పేలినప్పుడు లోపల పుట్టే వాయువు ఒత్తిడి, ఎక్కువైందనుకుని తూటాలో పోసే తుపాకీ మందు తగ్గించాను. మార్పు లేదు. ఇంకొంచెం తగ్గించాను. బోల్ట్ అలాగే మొరాయిస్తోంది, పైగా టార్గెట్ మీద గ్రూపులు (దెబ్బలు ఒకచోట పడే గుంపులు) చెదిరిపోయాయి. ఈ పనిలో ఎన్నో ఏళ్ల అనుభవమున్న ఒక పెద్దాయన అంతా విని ఒకే ప్రశ్న అడిగారు: "మూసేటప్పుడు బిగుసుకుంటోందా, తెరిచేటప్పుడా?" అంతవరకూ నేను ఆ తేడా గమనించనే లేదు. ఇంటికెళ్లి చూశాను. మూసేటప్పుడే. అంటే తూటా పేలకముందే. పేలని తూటాలో ప్రెషర్ ఎక్కడిది? తప్పు మందుది కాదు, నేను సైజింగ్ డై (కాల్చిన ఇత్తడి గొట్టాన్ని నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) అమర్చిన తీరుది.

రెండేళ్ల తర్వాత దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేశాను. ఎండలో ఉండిపోయిన పెట్టెలోంచి తూటాలు తీసి కాల్చితే బోల్ట్ పైకి లేవడం కష్టమైంది. పాత అనుభవం మనసులో ఉండటంతో ఇదీ డై సంగతే అనుకుని ఇంకో ఆరు కాల్చాను. తర్వాత చూస్తే రెండు కేసుల్లో ప్రైమర్ పాకెట్లు (మందును అంటించే చిన్న కప్పు, అంటే ప్రైమర్, కూర్చునే గుంటలు) వదులైపోయాయి, కొత్త ప్రైమర్ వేలితో నొక్కితేనే దిగిపోతోంది. తాడును పామనుకుంటే ఒక రోజు పని చెడుతుంది, అంతే. పామును తాడనుకున్న చోట ముఖానికి అడుగు దూరంలో ఉన్న ఉక్కు పగలొచ్చు.

ఈ రెండింటినీ ఎలా విడదీయాలి, ఏ గుర్తును ఎంత నమ్మాలి, ఏ సైజింగ్ పద్ధతి, ఏ కొలత సాధనం, ఏ బ్రాస్ ఎవరికి నప్పుతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను. మందు కొలతలు మాత్రం రాయను. వాటికి మందు తయారీదారో బుల్లెట్ తయారీదారో అచ్చేసిన మాన్యువల్ ఒక్కటే ఆధారం. ఇక్కడ బ్రాస్ అన్నా కేసు అన్నా ఇత్తడి గొట్టమే. బుల్లెట్ అంటే దాని మూతిలో కూర్చుని, పేలాక బయటికెళ్లే ముక్క. దాన్ని పట్టుకునే సన్నటి భాగం మెడ, మెడ కింద వెడల్పయ్యే వాలు భుజం. ఛాంబర్ అంటే బారెల్ వెనక తూటా కూర్చునే గూడు. లోడ్ అంటే తూటాలో నింపిన మందు, బుల్లెట్ల కూర్పు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, దాదాపు 0.025 మిల్లీమీటరు.

మొదటి ప్రశ్న: మూసేటప్పుడా, తెరిచేటప్పుడా?

బోల్ట్ మూసేటప్పుడు బరువుగా ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఫిట్ సమస్యే. ఎక్కడ పట్టేస్తోందో కనిపెట్టడానికి ఒక తేలికైన దారి ఉంది. సైజ్ చేసిన ఖాళీ కేసును, ప్రైమర్ లేకుండా, మందు లేకుండా, బుల్లెట్ లేకుండా ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మూయండి. అప్పుడే బిగుతుగా ఉంటే లోపం సైజింగ్‌లోనో కేసు పొడవులోనో ఉంది. ఖాళీ కేసు హాయిగా వెళ్లి, బుల్లెట్ దింపాక బిగుసుకుంటే సీటింగ్ (బుల్లెట్‌ను కేసులో దింపే పని) దగ్గర వెతకాలి. బుల్లెట్ మరీ బయటకుండి బారెల్ గాడుల మొదలుకు తగులుతూ ఉండొచ్చు. మెడ గోడ మందంగా ఉండి, బుల్లెట్ దిగాక ఛాంబర్ మెడలో చోటు చాలకపోవచ్చు. సీటింగ్ డైని మరీ కిందకి దించి క్రింప్ పడేలా (కేసు అంచు బుల్లెట్ మీదికి నొక్కుకునేలా) చేస్తే భుజం కొద్దిగా ఉబ్బుతుంది. కంటికి కనపడనంత ఉబ్బు చాలు, బోల్ట్ పట్టేయడానికి. ఇవేవీ కాకపోతే ప్రైమర్ పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడండి. ఈ పరీక్షలన్నీ ప్రైమర్, మందు లేని డమ్మీతో, ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే సూది) తీసేసిన బోల్ట్‌తో మాత్రమే చేయాలి. నిజమైన తూటాతో ఇంట్లో ఛాంబర్ పరీక్షలు వద్దు.

ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే కేసుకు మార్కర్ పెన్ను రంగు పూయండి. బోల్ట్ ఒకసారి మూసి తీస్తే రంగు చెరిగిన చోటే కారణం ఉంటుంది. భుజం మీద చెరిగితే భుజం తగినంత వెనక్కి వెళ్లలేదు. అడుగు దగ్గర చెరిగితే డై అక్కడ నొక్కడం లేదు. మెడ అంచున చెరిగితే కేసు పొడవు పెరిగింది. ఇంత చవకైన పరీక్ష ఇంకొకటి లేదు, అయినా చాలామంది చేయరు.

తేలిగ్గా మూసుకుని, పేలాక తెరవడానికి బరువుగా ఉంటే ముందు ప్రెషర్‌నే అనుమానించాలి. ఎందుకో లోపల జరిగేది తెలిస్తే అర్థమవుతుంది. మందు మండగానే ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. ఛాంబర్ ఉక్కు కూడా కొద్దిగా సాగుతుంది. ప్రెషర్ పడిపోగానే రెండూ వెనక్కి వస్తాయి. హద్దులో ఉన్నప్పుడు ఇత్తడి ఉక్కు కంటే ఒక పిసరు ఎక్కువగా ముడుచుకుంటుంది, ఆ సందుతోనే కేసు సులువుగా బయటికొస్తుంది. హద్దు దాటితే ఇత్తడి శాశ్వతంగా సాగిపోతుంది. ఉక్కు మాత్రం తన పాత కొలతకు వచ్చేస్తుంది. సాగిన ఇత్తడిని ముడుచుకున్న ఉక్కు పట్టేసుకుంటుంది. బోల్ట్ హ్యాండిల్ మీద మన అరచేతికి తెలిసేది ఆ పట్టే.

దీనికి మినహాయింపులున్నాయి. ఛాంబర్ గరుకుగా ఉన్నా, అడుగున మసి పేరుకున్నా, కేసు మీద సైజింగ్ లూబ్ (డైలో సులువుగా దూరడానికి పూసే జిడ్డు) మిగిలిపోయినా ఇలాంటి గుర్తులే కనపడతాయి. నూనె పూసిన కేసు గోడను గట్టిగా పట్టుకోలేదు కాబట్టి బోల్ట్ ముఖం మీద తోపు పెరుగుతుంది. ఛాంబర్‌ను పొడిగా తుడిచి, ఫ్యాక్టరీ తూటా ఒకటి కాల్చి చూడండి. అదీ బరువుగానే తెరుచుకుంటే లోపం రైఫిల్‌లో ఉంది, గన్‌స్మిత్‌కు చూపించాలి.

ఇంకో రకం ఉంది, దానికి చాలామంది మోసపోతారు. బోల్ట్ బాగానే మూసుకుంటుంది, బాగానే లేస్తుంది, చివర్లో మాత్రం టక్కున ఒక పట్టు పట్టి వదులుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని క్లిక్ అంటారు. కేసు అడుగున, గోడ మందంగా ఉండే భాగం ఛాంబర్‌లో బిగుతుగా ఉంటే ఇలా అవుతుంది. మామూలు డై అంత కిందికి చేరదు, చేరినా కొన్ని ఛాంబర్లకు సరిపడా నొక్కదు. అడుగు నుంచి 0.200 అంగుళం పైన, కాల్చిన కేసునూ సైజ్ చేసిన కేసునూ మైక్రోమీటర్‌తో కొలిచి చూడండి. రెండూ ఒకటే వస్తే మీ డై అక్కడ ఏ పనీ చేయడం లేదని అర్థం. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. అదే బ్రాస్ మొదటి మూడు నాలుగు సార్లు క్లిక్ లేకుండా పనిచేసి ఇప్పుడు మొదలైతే, ఇన్నాళ్లూ మీరు కాలుస్తున్న లోడ్ ఆ అడుగును కొంచెం కొంచెంగా సాగదీస్తూ వచ్చి ఉండొచ్చు. కొత్త డై కొని ఊరుకోకండి, మందు కూడా తగ్గించండి.

ఏ గుర్తును ఎంత నమ్మాలి

అందరూ ముందు చూసేది ప్రైమర్. నా లెక్కలో అన్నిటికంటే తక్కువ నమ్మదగింది కూడా అదే. ప్రైమర్ చదునుగా అయిందంటే ప్రెషర్ ఎక్కువైందని చెబుతారు. కొన్నిసార్లు నిజమే. కానీ కప్పు మెత్తగా ఉన్న ప్రైమర్ మామూలు లోడ్‌లోనే చదునవుతుంది, గట్టి కప్పు ఉన్నది హద్దు దాటినా గుండ్రంగానే కనపడుతుంది. ఫెడరల్ ప్రైమర్లు మెత్తగా, సీసీఐవి గట్టిగా ఉంటాయన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. అందుకే బ్రాండ్ మార్చి పక్కపక్కన పెట్టి పోల్చడం పనికిరాదు.

అంతకంటే పెద్ద మోసం హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ ఛాంబర్‌లో కేసు ఆనే చోటుకీ మధ్య దూరం) వల్ల వస్తుంది. కేసు ఛాంబర్ కంటే పొట్టిగా ఉందనుకోండి. ఫైరింగ్ పిన్ దాన్ని ముందుకు నెడుతుంది. పేలగానే కేసు గోడలు ఛాంబర్‌ను పట్టుకుంటాయి, ప్రైమర్ వెనక్కి జారి బయటికొస్తుంది. ప్రెషర్ పెరిగాక కేసు సాగి అడుగు వెనక్కి వచ్చి, బయటికొచ్చిన ప్రైమర్‌ను బోల్ట్ ముఖానికి ఆనించి నలిపేస్తుంది. ఫలితం: పూర్తిగా చదునైన ప్రైమర్, మామూలు ప్రెషర్. మందు తగ్గిస్తే ఇది పోదు. మరీ తగ్గిస్తే కేసు సాగేంత ప్రెషర్ ఉండదు కాబట్టి ప్రైమర్ బయటికి పొడుచుకునే ఉండిపోతుంది, మెడ మీద మసి కూడా ఎక్కువగా కనపడుతుంది. ప్రైమర్ పొడుచుకు రావడాన్ని ఎక్కువ ప్రెషర్ అనుకునేవాళ్లను చూశాను. అది దాదాపు ఎప్పుడూ తక్కువ ప్రెషర్‌కూ ఎక్కువ హెడ్‌స్పేస్‌కూ గుర్తు.

ఫైరింగ్ పిన్ గుంట చుట్టూ గట్టులా లేచిందనుకోండి, దాన్ని క్రేటర్ అంటారు. బోల్ట్ ముఖంలో పిన్ రంధ్రం పిన్ కంటే వెడల్పుగా ఉన్న రైఫిళ్లలో ఇది ఫ్యాక్టరీ తూటాలతో కూడా వస్తుంది. మీ రైఫిల్ ఫ్యాక్టరీ తూటాతో ఎంత గట్టు లేపుతుందో ముందే చూసి, ఒక కేసు దాచి పెట్టుకోండి. పోలికకు అదే ఆధారం. ప్రైమర్‌కు చిల్లు పడితే మాత్రం వాదన లేదు. కారణం కప్పు పలచనో, పిన్ చివర పాడవడమో, ప్రెషరో ఏదైనా కావచ్చు. ఆ రోజుకు కాల్పులు ఆపేయాలి. వేడి వాయువు బోల్ట్‌లోంచి వెనక్కి వస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోమని చెప్పేది ఇందుకే. చిన్న ప్రైమర్ల విషయంలో ఇంకో మాట: రెమింగ్టన్ తమ 6½ ప్రైమర్‌ను .223లో వాడొద్దని, 7½ వాడమని చెబుతుంది. పాకెట్‌లో పట్టినంత మాత్రాన ప్రతి ప్రైమరూ ప్రతి తూటాకూ కాదు.

ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి విసిరే పిన్) వదిలే గుర్తు ప్రైమర్ కంటే చాలా నమ్మకమైనది. కేసు అడుగున, అక్షరాలున్న చోట, గుండ్రటి మెరుపు మచ్చ పడుతుంది. ఎజెక్టర్ రంధ్రంలోకి ఇత్తడి కొద్దిగా పారి, బోల్ట్ తిరిగేటప్పుడు కోసుకుపోయిన మచ్చ అది. దానితో పాటు బోల్ట్ కూడా బరువెక్కితే మరో సాక్ష్యం అక్కర్లేదు, హద్దు దాటేశారు. మెత్తటి బ్రాస్ అయితే ఈ మచ్చ కొంచెం ముందే పడుతుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో గ్యాస్ ఎక్కువై బోల్ట్ తొందరగా తెరుచుకోవడం వల్ల కూడా పడుతుంది, వాటిలో ఒక్క మచ్చను చూసి తీర్పు చెప్పలేం.

ఈ గుర్తులు ఎప్పుడు మొదలవుతాయన్నది అందరూ మనసులో పెట్టుకోవాల్సిన సంగతి. అమెరికాలో 1926 నుంచి ఉన్న తయారీదారుల ప్రమాణాల సంస్థ శామీ .308 వించెస్టర్‌కు పెట్టిన గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .30-06కు 60,000, .223 రెమింగ్టన్‌కు 55,000, .30-30కి 42,000, .45-70కి 28,000. ఇత్తడికి ఈ తేడాలు తెలియవు. ఏ కేసైనా దాదాపు అదే లోహం, 70 శాతం రాగి, 30 శాతం జింక్. దాని మీద గుర్తులు కనపడేసరికి తరచుగా 65,000 దాటి ఉంటుంది. అంటే .308లో గుర్తు కనపడిందంటే మీరు ఇప్పటికే గీత దాటారు. .30-30లోనో .45-70లోనో గుర్తుల కోసం ఎదురుచూస్తూ మందు పెంచితే, ఇత్తడి ఏమీ చెప్పకముందే ఆ పాత రకం రైఫిల్ తట్టుకోలేని చోటికి చేరతారు. అలాంటి తూటాలకు ప్రెషర్ గుర్తులు చదివే పద్ధతి అసలు వర్తించదు.

మరి దేన్ని నమ్మాలి? ఇంట్లో నింపుకునేవాళ్లకు నేను సిఫారసు చేసేది క్రోనోగ్రాఫ్, అంటే బుల్లెట్ వేగం కొలిచే సాధనం. వేగం ఊరికే రాదు. ఒకే బుల్లెట్, ఒకే మందు, ఒకే పొడవు బారెల్‌తో మాన్యువల్ చెప్పిన గరిష్ఠ వేగాన్ని మీరు దాటారంటే, ప్రెషర్ కూడా దాటిందనే అనుకోవాలి, ప్రైమర్ ఎంత అందంగా కనపడినా సరే. బారెల్ పొడవు తప్పక చూసుకోండి. మాన్యువల్ 24 అంగుళాల బారెల్‌తో పరీక్షించి, మీది 20 అంగుళాలదైతే మీకు వేగం తక్కువ రావాలి. మామూలు రైఫిల్ తూటాల్లో అంగుళానికి సెకనుకు 20 నుంచి 30 అడుగుల దాకా తగ్గుతుంది. పొట్టి బారెల్‌తో మాన్యువల్ వేగం అందుకున్నామని సంతోషించేవాళ్లు నిజానికి ఆ సమయంలోనే భయపడాలి. ల్యాబ్‌రాడార్, గార్మిన్ జీరో లాంటి రాడార్ రకాలు వెలుతురుతో సంబంధం లేకుండా కొలుస్తాయి. పాత ఆప్టికల్ రకాలు ఎండ మారితే అంకె మార్చేస్తాయి కాబట్టి వాటి రీడింగ్‌ను ఒక తెలిసిన తూటాతో సరిచూసుకోవాలి.

కేసు అడుగు ఎంత ఉబ్బిందో మైక్రోమీటర్‌తో కొలిచే పాత పద్ధతి కూడా ఉంది. అంగుళంలో పదివేలో వంతు దాకా కొలవాలి, బ్రాస్ గట్టిదనాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఓపికున్నవాళ్లకు ఒక అదనపు సాక్ష్యంగా పనికొస్తుంది, దాని ఒక్కదాని మీదే ఆధారపడలేం. అంతకంటే ప్రైమర్ పాకెట్ బిగుతు మంచి సాక్షి, పైగా సాధనం ఏదీ అక్కర్లేదు. ప్రైమర్ దింపుతున్నప్పుడు చేతికి తెలిసే పట్టును ప్రతిసారీ గమనించండి. మంచి బ్రాస్‌లో నాలుగైదు సార్లలోనే పాకెట్ వదులైతే మీ లోడ్‌లో ప్రెషర్ ఎక్కువగా ఉంది.

సైజింగ్: నెక్ సైజింగా, ఫుల్ లెంగ్తా, స్మాల్ బేసా?

నా మొదటి ఏడాది తప్పు ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఫుల్ లెంగ్త్ డైలోకి (కేసు ఒళ్లంతా నొక్కే డై) కేసు వెళ్తున్నప్పుడు మొదట ఒళ్లు నొక్కుకుంటుంది. చుట్టూ నొక్కితే ఇత్తడి ఎటు పోతుంది? ముందుకు. అంటే భుజం డై పైకప్పుకు తగలకముందు, వెనక్కి వెళ్లే బదులు ముందుకు జరుగుతుంది. డైని సగం దించి ఆపితే, సైజ్ చేసిన కేసు కాల్చిన కేసు కంటే పొడవుగా తయారవుతుంది. "సైజ్ చేశాక ఇంకా టైట్ అయింది" అని వాపోయేవాళ్లందరి సమస్యా ఇదే. నాదీ ఇదే. బ్రాస్ మీద దయతో డైని తక్కువగా దించుతున్నాననుకున్నాను, దాన్ని ఛాంబర్‌లో పట్టనంత పొడవు చేస్తున్నానని తెలియలేదు.

ఎదురు తప్పు డై పెట్టెలోని కాగితం చెప్పినట్టు చేయడం: షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి, ఇంకొంచెం తిప్పడం. ఇది ఏ ఛాంబర్‌లోనైనా పట్టే కేసును ఇస్తుంది, కానీ మీ ఛాంబర్‌కు భుజం అవసరానికి మించి వెనక్కి పోవచ్చు. ప్రతిసారీ కాల్చినప్పుడు అంత మేరా సాగుతుంది. సాగేది అడుగుకు కాస్త పైన, మందపు గోడ పలచబడే చోట. కొన్ని సార్లకే అక్కడ గోడ అరిగి, కేసు రెండు ముక్కలవుతుంది. .300 విన్ మ్యాగ్ లాంటి బెల్ట్ (అడుగున చుట్టూ మందపు పట్టీ) ఉన్న తూటాల్లో ఇది మరీ ఎక్కువ. వాటికి ప్రమాణం ప్రకారం హెడ్‌స్పేస్ బెల్ట్ దగ్గర నిలుస్తుంది, భుజం దగ్గర ఛాంబర్ ధారాళంగా ఉండొచ్చు. మొదటిసారి కాల్చాక ఆ బెల్ట్‌ను మర్చిపోయి, భుజానికి సరిపెట్టి సైజ్ చేయడమే మేలు.

కొలత ఎంతో తెలియాలంటే .308నే చూడండి. ఛాంబర్‌కు గో గేజ్ (దాని మీద బోల్ట్ మూసుకోవాలి) 1.630 అంగుళాలు, నో-గో (దాని మీద మూసుకోకూడదు) 1.634. కేసుకు ప్రమాణం 1.627 నుంచి 1.634. రెండూ ప్రమాణంలోనే ఉన్నా అతికే తీరు ఇంత తేడాగా ఉండొచ్చు. అందుకే ఊరందరికీ ఒకే డై అమరిక చెప్పలేం.

ఇక ఎంపిక. నెక్ సైజింగ్ అంటే మెడను మాత్రమే నొక్కి, ఒళ్లు, భుజం అలాగే వదిలేయడం. బ్రాస్‌కు శ్రమ తక్కువ, మొదటి రెండు మూడు సార్లు బాగానే పోతుంది. తర్వాత కేసు ఛాంబర్ అంత అయిపోయి బోల్ట్ మూసేటప్పుడు బిగుసుకోవడం మొదలవుతుంది, అప్పుడు ఎలాగూ భుజం వెనక్కి నెట్టాల్సిందే. ఒకే రైఫిల్, బోల్ట్ రకం, తేలికపాటి లోడ్లు, టార్గెట్ కోసమే అయితే నెక్ సైజింగ్ సరే. హెడ్‌స్పేస్ ధారాళంగా ఉండే పాత .303 రైఫిళ్లలో అయితే బ్రాస్‌ను కాపాడటానికి ఇదే మంచి దారి. వేటకు, పోటీకి, సెమీ ఆటోకు నేను సలహా ఇవ్వను. అవసరమైన క్షణంలో బోల్ట్ మూసుకోకపోతే మిగిలిన లాభాలన్నీ వృథా.

చాలామందికి సరైనది ఫుల్ లెంగ్త్ డైతో కొలిచి నెట్టడం, దీన్ని బంప్ అంటారు. బోల్ట్ రైఫిల్‌కు భుజం 1 నుంచి 2 థౌ, సెమీ ఆటోకు 3 నుంచి 4 థౌ వెనక్కి వస్తే చాలు. ఆధారంగా తీసుకునే కేసు ఒక్కసారి కాల్చినది కాకూడదు. చాలా కేసులు మొదటి కాల్పుకు ఛాంబర్‌ను పూర్తిగా నింపవు, రెండు మూడు సార్లు కాల్చి బోల్ట్ కింద కాస్త పట్టు తెలిసే కేసు కావాలి. దాని ప్రైమర్ తీసేసి కొలవండి, లేకపోతే ప్రైమర్ చుట్టూ లేచిన గట్టు కొలతలో కలుస్తుంది. డైని కొంచెం కొంచెంగా దించుతూ, ప్రతిసారీ కొత్త కేసుతో కొలవండి. అంకె మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ పెరుగుదల చూసి కంగారు పడకండి, పైన చెప్పింది అదే.

డైని కదపకుండా ఒక్కో కేసు ఒక్కో కొలతకు వస్తుంటే మూడు కారణాలు చూడండి: లూబ్ సమానంగా లేదు, ప్రెస్ హ్యాండిల్ కింద ఒక్క క్షణం ఆపడం లేదు, లేదా బ్రాస్ గట్టిపడింది. ఇత్తడి నొక్కిన కొద్దీ, కాల్చిన కొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డది స్ప్రింగ్‌లా వెనక్కి వస్తుంది. మెడనూ భుజాన్నీ ఎనీల్ చేస్తే (వేడి చేసి మెత్తబరిస్తే) కొలతలు మళ్లీ ఒక దారికొస్తాయి. వేడి అడుగుదాకా పాకనివ్వకూడదు, ప్రెషర్‌ను ఆపేది ఆ గట్టి అడుగే. అడుగు మెత్తబడిన కేసును వాడకూడదు.

కేసు అడుగు దగ్గర ఎక్కువగా నొక్కే స్మాల్ బేస్ డై చివరి ఎంపిక. ఇతరుల రైఫిల్‌లో కాల్చిన బ్రాస్ దొరికినప్పుడు, సెమీ ఆటోకు ఛాంబర్ బిగుతుగా ఉన్నప్పుడు, లేదా కొలిచి క్లిక్ సమస్యేనని రుజువైనప్పుడు తీసుకోండి. ముందు జాగ్రత్తగా కొనేస్తే బ్రాస్ అడుగును అవసరం లేకుండా ప్రతిసారీ నలిపేస్తారు.

దేనితో కొలవాలి

కాలిపర్స్‌కు బిగించే హెడ్‌స్పేస్ కంపేరేటర్ (అడుగు నుంచి భుజం దాకా పొడవు చూపేది) మొదట కొనండి. అది చూపే అంకెను మాన్యువల్‌లోని అంకెతో పోల్చకూడదు, మీ ఛాంబర్‌లో కాల్చిన కేసు అంకెతోనే పోల్చాలి. కాలిపర్స్‌లోనే ఒక థౌ అటూ ఇటూ తేడా రావడం మామూలు కాబట్టి ఐదారు కేసులు కొలిచి చూడండి. కేసును పైనుంచి వేసి చూసే కేస్ గేజ్ తేలికే, కానీ అది చెప్పేది కేసు ప్రమాణ హద్దుల్లో ఉందా అని మాత్రమే. మీ ఛాంబర్ గురించి దానికేమీ తెలియదు. పలు రైఫిళ్లకు ఒకే తూటా నింపేవాళ్లకు గేజ్ మంచిది, ఒక్క రైఫిల్ ఉన్నవాళ్లకు కంపేరేటర్. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ విప్పేసిన బోల్ట్‌తో చూడటం అన్నిటికంటే సూటిగా ఉంటుంది. స్ప్రింగుల అడ్డు లేకుండా హ్యాండిల్ తన బరువుకే కిందికి జారాలి. ఎక్కడో ఆగితే కేసు తగులుతోంది. అంకె ఇవ్వదు, నిజం చెబుతుంది. నేను కంపేరేటర్‌తో అమర్చి దీనితో ఖాయం చేసుకుంటాను.

మెడకు ఇంతకంటే సులువైన పరీక్ష ఉంది. కాల్చి, సైజ్ చేయని కేసులోకి కొత్త బుల్లెట్ జారవిడవండి. అడ్డు లేకుండా దిగితే మెడ దగ్గర చోటుంది. దిగకపోతే మెడ గోడ మందమో, లోపల భుజం దగ్గర ఉంగరంలా ఇత్తడి పేరుకోవడమో జరిగింది. అలాంటి తూటా పేలినప్పుడు మెడ విచ్చుకుని బుల్లెట్‌ను వదలలేదు, ప్రెషర్ ఎగబాకుతుంది. కేసు పొడవు కూడా ఇంతే. .308లో గరిష్ఠం 2.015 అంగుళాలు, ట్రిమ్ చేయాల్సింది 2.005కు. పొడవెక్కిన కేసు అంచు ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేస్తుంది. మూసేటప్పటి బిగుతు కూడా ప్రెషర్‌గా మారే చోటు ఇది. అందుకే ఫిట్ సమస్య అని తేలినంత మాత్రాన అది ప్రమాదం లేనిదని అనుకోవద్దు.

కేసు విడిపోయే ముందు అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనపడుతుంది. డై ఆగిన చోట పడే మామూలు గీతతో దాన్ని పొరబడటం సులువు. తేల్చుకోవడానికి సన్నటి తీగ చివర చిన్న కొక్కెంలా వంచి లోపల గోడ మీద పై నుంచి కిందికి లాగండి. గీత ఉన్నచోట గుంట తగిలితే ఆ కేసును నలిపి చెత్తలో వేయండి. ఒక్క కేసులో దొరికితే, అదే వయసున్న మిగతా వాటినీ పరీక్షించండి.

ఏ బ్రాస్ తీసుకోవాలి

లపువా, పీటర్సన్ లాంటి మంచి బ్రాస్ ధర ఎక్కువ, కానీ అడుగు గట్టిగా ఉంటుంది, పాకెట్లు ఎక్కువ కాలం బిగుతుగా ఉంటాయి. ఇందులో ఒక చిక్కుంది. గట్టి అడుగు ప్రెషర్ గుర్తులను ఆలస్యంగా చూపిస్తుంది. బ్రాస్ తట్టుకుంటోందంటే రైఫిల్ కూడా హద్దులో ఉందని కాదు. లపువా 6.5 క్రీడ్‌మోర్ కేసులకు చిన్న ప్రైమర్, సన్నటి ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట లోపలికి వెళ్లే రంధ్రం) ఉంటాయి, పాత ప్రైమర్‌ను తోసే మామూలు డీక్యాపింగ్ పిన్ తోస్తే వంగుతుంది. సన్నటి పిన్ ముందే తెచ్చుకోండి.

మామూలు వాణిజ్య బ్రాస్, ఒకే లాట్‌లోది, కొత్తవాళ్లకు చాలు. మెత్తగా ఉంటే గుర్తులు ముందే చూపిస్తుంది, నేర్చుకునేటప్పుడు అది మేలే.

సైన్యం కోసం తయారైన 7.62 బ్రాస్ సాధారణంగా బరువుగా, గోడ మందంగా ఉంటుంది. బయటి కొలత ఒకటే, లోపలి చోటు తక్కువ. వాణిజ్య బ్రాస్‌లో కుదిరిన లోడ్‌ను దానిలో యథాతథంగా పోస్తే ప్రెషర్ పెరుగుతుంది. ప్రైమర్ క్రింప్ (ప్రైమర్ ఊడకుండా పాకెట్ అంచున నొక్కిన నొక్కు) కూడా తొలగించాలి. మెషిన్ గన్ ఛాంబర్‌లో కాల్చిందైతే ఒళ్లు బాగా ఉబ్బి ఉంటుంది, స్మాల్ బేస్ అవసరం పడుతుంది. రేంజ్‌లో ఏరుకున్న రకరకాల బ్రాస్‌ను గరిష్ఠ లోడ్‌కు దగ్గరగా అసలు వాడొద్దు. ఎన్నిసార్లు కాల్చారో, ఎలా సైజ్ చేశారో తెలియదు. బుల్లెట్ బిగుతు, లోపలి చోటు కేసు కేసుకూ మారుతుంటే ఏ గుర్తుకు ఏ కారణమో మీరు ఎప్పటికీ తేల్చలేరు.

ఏదీ తేలకపోతే

రెండు కారణాలూ సరిపోయేలా కనపడితే ప్రెషర్ అనే అనుకోండి. కాల్పులు ఆపి, మాన్యువల్‌లోని ప్రారంభ కొలతకు వెళ్లండి. బుల్లెట్, ప్రైమర్, మందు లాట్, బ్రాస్, బుల్లెట్ బయటికుండే పొడవు, వీటిలో ఏది మార్చినా అక్కడి నుంచే మళ్లీ మొదలు. ముఖ్యంగా బుల్లెట్‌ను గాడులకు తగిలేలా ముందుకు తెచ్చినప్పుడు, సీసం బుల్లెట్ నుంచి పూర్తి రాగి బుల్లెట్‌కు మారినప్పుడు. చల్లటి ఉదయం తయారుచేసిన లోడ్‌ను మండే ఎండలో కాల్చబోతుంటే పైన కొంత చోటు ఉంచుకోవాలి. వేడికి తక్కువగా స్పందించే మందులు ఉన్నాయి, అసలు స్పందించనిది లేదు. తూటాను వేడెక్కిన ఛాంబర్‌లో నిమిషాల తరబడి ఉంచినా అదే ఫలితం.

అనుమానం వచ్చిన తూటాలను "తర్వాత చూద్దాం" అని పెట్టెలో వదలకండి. మూత మీద ఎర్ర అక్షరాలతో రాసి విడిగా పెట్టి, తీరిక దొరికిన మొదటి రోజే బుల్లెట్ పుల్లర్‌తో విప్పండి. సుత్తి రకమైతే రిమ్‌కు సరిపడా పట్టు వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. బయటికొచ్చిన మందును తిరిగి డబ్బాలో పోయకండి, అది ఏ మందో మీకు నూరు శాతం ఖాయమనిపించినా సరే. బుల్లెట్లు మళ్లీ వాడుకోవచ్చు. పాకెట్ వదులైన కేసులను పట్టకారుతో నొక్కి వంకర చేశాకే పారేయండి, లేకపోతే ఏదో ఒక రోజు అవి మంచి వాటితో కలిసి మళ్లీ మీ ప్రెస్ దగ్గరికే వస్తాయి.